పేరుచీటీలు చెప్పు కాలచరిత్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగ పాఠము)



ఏ గ్రంథాలయమునందైనను బీరువాలు దులిపినప్పుడు పుస్తకముల నడుమనుండి కొన్ని వస్తువులు రాలుచుండును. ఎండిన రావియాకు, నెమలికన్ను, బస్సు టిక్కెట్టు, చినిగిన శుభలేఖ ముక్క. ఇవి యన్నియు గుర్తులే. చదువరి యొకడు ఇంతవరకు వచ్చి ఆగెనని మాత్రమే ఇవి చెప్పగలవు. ఏల ఆగెను, ఆ పుటలో అతనికి కావలసిన దేమి, మరల ఎందు నిమిత్తము రాదలచెను అను సంగతి రావియాకు చెప్పజాలదు. ఆ ఆకునకు బదులు చిన్న కాగితపు చీటి యుంచి దానిపై "విత్తనశుద్ధి" అనియో, "అమ్మాయి పెండ్లి పాటలు" అనియో, "తీరికగా చదువవలసినది" అనియో వ్రాసినచో గుర్తు సాక్ష్యమగును. దానిపై తేదీ కూడ వేసినచో సాక్ష్యము చరిత్ర యగును. నేటి ప్రసంగ విషయ మింతే. చదువరులు తమ గుర్తులకు పెట్టుకొను పేర్లు ఏటేట ఎట్లు మారుచున్నవి, ఆ మార్పును కంటికి కనబడునట్లు చిత్రించుట యెట్లు, ఆ చిత్రమును ఎంతవరకు నమ్మవచ్చును అను మూడు ప్రశ్నలు.

గ్రంథములకు విషయనామములు పెట్టు పని చిరకాలము పండితుల చేతిలోనే యుండెను. 1876లో అమెరికా దేశమున మెల్విల్ డ్యూయీ విజ్ఞానమునెల్ల పది తరగతులుగా విభజించి దశాంశ వర్గీకరణమును ప్రకటించెను. 1933లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ కోలన్ వర్గీకరణమును ప్రకటించెను. రెండును మహత్తరములైన పనులే. కాని రెండింటను పేరు పెట్టువాడు గ్రంథాలయాధికారి. చదువరి ఆ పేరును స్వీకరించువాడు మాత్రమే.

2003లో జాషువా షాక్టర్ అనునతడు అంతర్జాలమున "డెలిషియస్" అను ఏర్పాటు నొకదానిని ప్రారంభించెను. అందు చదువరి తనకు నచ్చిన పుట చిరునామాను దాచుకొని, దానికి తోచిన పేర్లు తానే పెట్టుకొనవచ్చును. దాచుకొన్న గుర్తును బుక్‌మార్కు అనియు, పెట్టిన పేరును ట్యాగు అనియు వ్యవహరించిరి. ఒక పుటకు ఒక్క పేరే యుండవలెనను నిర్బంధము లేదు. ఒకడు పెట్టిన పేరును ఇతరులు చూడవచ్చును. దిద్దువారు లేరు. ఇట్లు జనులే చేసికొను వర్గీకరణమునకు 2004లో థామస్ వాండర్ వాల్ "ఫోక్సానమీ" అని నామకరణము చేసెను.

లెక్కలు వ్రాయుట తెలిసినవారికి ఈ ఏర్పాటు కొత్తది కాదు. ప్రతి గుర్తునకును నాలుగు గడులు గలవు: పెట్టినది యెవరు, ఏ పుటకు, ఏ పేరు, ఏ తేదీన. ఇది చిట్టా. తేదీ వరుసను పడిన పద్దులనుండి ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క ఖాతా విడదీసినచో అది ఆవర్జా యగును. ఆ ఖాతాల సాలు మొత్తములను ఒకదాని ప్రక్క నొకటి నిలిపి చూచుటయే కాలగతిని చిత్రించుట. బొమ్మ గీయువాని నేర్పు తరువాతి మాట. పద్దు సరిగా పడుట మొదటి మాట.

పద్దు సరిగా పడుట అంత సులభము కాదు. అమరసింహుడు తన కోశమునందు ఒక వస్తువునకు గల నామములనెల్ల ఒకచోట కూర్చెను. మూడవ కాండమున నానార్థవర్గమును చేర్చి, ఒకే శబ్దమునకు గల పెక్కు అర్థములను చూపెను. జనులు పెట్టు పేర్లలో ఈ రెండు చిక్కులును ఉన్నవి, కాని అమరసింహుడు లేడు. ఒకడు "విమానము" అని వ్రాయును, వేరొకడు "ఏరోప్లేను" అని వ్రాయును. వస్తు వొక్కటే, ఖాతాలు రెండు. "కరణము" అని చీటి కనబడినచో, అది పంచాంగములోని అయిదవ అంగమా, వ్యాకరణములోని సాధనమా, గ్రామపు లెక్కలు వ్రాసిన ఉద్యోగియా? ఖాతా యొక్కటే, వస్తువులు మూడు. ఈ చిక్కు తీర్చక గీసిన గీత ఎంత అందముగా నున్నను తప్పుడు గీతయే.

ఇంత విచ్చలవిడిగా పేర్లు పెట్టినచో అంతయు గందరగోళమగునని పలువురు తలచిరి. అట్లు కాలేదు. స్కాట్ గోల్డర్, బెర్నార్డో హ్యూబర్మన్ అను పరిశోధకులు డెలిషియస్ పద్దులను పరిశీలించి 2006లో తమ వ్యాసమును ప్రకటించిరి. ఒక పుటను సుమారు నూరుగురు గుర్తు పెట్టుకొనునప్పటికి, దానిపై బడిన పేర్ల పాళ్లు దాదాపు స్థిరపడుచున్నవని వారు కనుగొనిరి. అటుపిమ్మట ఎందరు వచ్చినను ఆ పాళ్లు పెద్దగా కదలవు. రచ్చబండ యొద్ద మొదట పది మంది పది మాటలు పలికినను ప్రొద్దు వ్రాలునప్పటికి ఊరికి ఒక అభిప్రాయ మేర్పడుట వంటిది ఇది.

పేర్లన్నియు విషయమును చెప్పునవి కావనియు వారు చూపిరి. కొన్ని ఆ పుట దేనిని గూర్చినదో చెప్పును. కొన్ని అది వ్యాసమా, గ్రంథమా అను సంగతి చెప్పును. కొన్ని "హాస్యము" వలె గుణమును చెప్పును. కొన్ని చదువరి తన పనిని తనకు గుర్తు చేసికొనుటకు పెట్టినవి. వీనిలో "చదువవలసినది" అనునది యొకటి. ఈ పేరు పుటను గూర్చి ఏమియు చెప్పదు. చదువరిని గూర్చి చాల చెప్పును. విషయనామములతో దీనిని కలిపి ఒకే గీతగా గీయుట, ధాన్యపు రాశిని అప్పుపత్రమును ఒకే కాటాలో తూచుట వంటిది.

ఇక చిత్రించు విధానములు. కాలమును అడ్డముగాను, మొత్తమును నిలువుగాను ఉంచి గీత గీయు పద్ధతిని 1786లో విలియం ప్లేఫేర్ ఇంగ్లండు ఎగుమతి దిగుమతుల లెక్కలకు వినియోగించి గ్రంథముగా ప్రకటించెను. అంకెల పట్టికలో పది పుటలు వెదకి గ్రహింపవలసిన హెచ్చుతగ్గులు ఒక్క చూపులో తెలియునట్లు చేసినది ఆ పద్ధతియే. నేటికిని ఒకటి రెండు పేర్ల కాలగతిని చూచుటకు దానిని మించినది లేదు. పేర్లు ఇరువదియో ముప్పదియో అయినప్పుడు గీతలు ఒకదానిపై నొకటి పడి నూలు చిక్కుపడినట్లగును.

ఆ చిక్కు తీర్చుటకు 2000 ప్రాంతమున అమెరికాలోని పసిఫిక్ నార్త్‌వెస్ట్ జాతీయ ప్రయోగశాలవారు "థీమ్ రివర్" అను పద్ధతిని కల్పించిరి. తెలుగున విషయనది యనవచ్చును. ప్రతి విషయమును ఒక రంగు పాయ. ఆ విషయము ఎక్కువగా వచ్చిన కాలమున పాయ వెడల్పగును, తగ్గినప్పుడు సన్నగిలును. అన్ని పాయలును కలిసి ఒకే నదిగా పారును. 1959 మొదలు 1961 వరకు గల క్యూబా నాయకుడు ఫిడెల్ కాస్ట్రో ప్రసంగములు మొదలగువానిని వారీ విధమున చిత్రించి చూపిరి. చూపునకు ఇంపైన పద్ధతి. లోప మొకటి కలదు. నడిమి పాయ క్రింది అంచు సమముగా నుండదు. ప్రక్క పాయ ఉబ్బినప్పుడు ఇదియు పైకి లేచును. లేచుటను చూచి పెరిగినదని భ్రమింపరాదు. వెడల్పును మాత్రమే కొలువవలెను.

2006లో ఎడిన్‌బరో నగరమున జరిగిన అంతర్జాల పరిశోధకుల సమావేశమున యాహూ సంస్థ పరిశోధకులు ఫ్లికర్ అను ఛాయాచిత్రముల భాండారములోని ట్యాగుల కాలగతిని నదివలెను, జలపాతమువలెను కదలు చిత్రములుగా చూపిరి. వారు వేసికొన్న ప్రశ్న తెలివైనది: ఒక కాలమునకు ప్రత్యేకమైన పేరు ఏది? అన్నిటికంటె ఎక్కువ మారులు వచ్చినదే యనుకొన్నచో ఎల్లప్పుడును అవే నాలుగు పేర్లు పైన నుండును. కావున ఆ కాలమున ఎక్కువగాను, తక్కిన కాలమున తక్కువగాను వచ్చిన పేరును వారు వెదకిరి.

లెక్క యిది. ఆ కాలపు సంఖ్యను, మొత్తము సంఖ్యకు ఒక స్థిరసంఖ్యను కలుపగా వచ్చిన దానితో భాగింపవలెను. తెలియుటకై ఒక కల్పిత లెక్క చూడవచ్చును. "ఇల్లు" అను పేరు నెలకు 200 చొప్పున ఏడాదికి 2,400 మారులు పడినది. "సంక్రాంతి" ఏడాదికి 100 మారులే పడినది గాని అందు 80 జనవరిలోనే పడినవి. ఎవరో ఒక్కరు జనవరిలో ఒక్కసారి ఒక వింత పేరు వ్రాసిరి. ఊరక భాగించినచో ఇంటికి నూటికి 8, సంక్రాంతికి 80, ఆ వింత పేరునకు నూటికి నూరు! ఒక్కడు వ్రాసిన మాట జనవరి కంతకును ప్రతినిధి యగును. స్థిరసంఖ్యగా 50 కలిపినచో సంక్రాంతికి 53, ఇంటికి 8, వింత పేరునకు 2 మాత్రమే. పండుగ పండుగగా నిలిచినది, ఒంటరి కేక అణగినది.

చిత్రము మోసగించు త్రోవలు ముఖ్యముగా మూడు గలవు.

మొదటిది, సంఖ్యకును పాలునకును గల భేదమును మరచుట. గ్రంథాలయ మొకటి మొదటి ఏట 200 చీటీలు పొందెననియు, అందు 40 వ్యవసాయమువనియు అనుకొన్నచో అది నూటికి 20. ఇరువది యయిదవ ఏట చీటీలు 1,000, వ్యవసాయమువి 100 అనుకొన్నచో నూటికి 10. వ్యవసాయము రెండున్నర రెట్లు పెరిగినదని ఒకడు గీయును, సగమునకు పడినదని మరియొకడు గీయును. ఇద్దరును అబద్ధమాడలేదు. ఒకడు గింజలను లెక్కించెను, మరియొకడు గరిసెలో వాని భాగమును లెక్కించెను. రెండు గీతలను ప్రక్కప్రక్కన చూపినవాడే పూర్తి సత్యము చెప్పినవాడు.

రెండవది, చీటీలను లెక్కించి మనుష్యులను మరచుట. ఉత్సాహియైన యువకు డొకడు అరువది చీటీలు పెట్టవచ్చును. అరువది మంది తల్లులు తమ పిల్లలచేత పుస్తకములు తెప్పించుకొని చదివి, ఒక్క చీటియు పెట్టకుండ తిరిగి పంపవచ్చును. చిత్రములో యువకుడు కొండవలె కనబడును. తల్లులు కనబడనే కనబడరు. కావున చీటీల సంఖ్యతోపాటు, పెట్టినవారి సంఖ్యయు, పుస్తకము తీసికొనియు చీటి పెట్టనివారి సంఖ్యయు ప్రక్కన వ్రాయవలెను. మౌనముగా చదువువారు చదువనివారు కారు.

మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది. పేరు పోయినంతమాత్రమున వస్తువు పోయినదని యనుకొనుట. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడెను. 1972లో దానికి ప్రకాశము జిల్లా యని పేరు మార్చిరి. ఆ పేర్ల గీతలు మాత్రమే చూచు పరదేశి, ఒంగోలు జిల్లా యను నొకటి రెండేండ్లు వెలసి అంతరించెనని తలచును. అచ్చటి పొలము గట్లు ఒక్క అడుగైనను జరుగలేదు. దీనికి ఎదురు ఉదాహరణమును గలదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణముల పదవిని రద్దు చేసెను. అటుపిమ్మట ఆ పేరు చీటీలలో తగ్గినచో అది పేరు మాత్రమే పోవుట కాదు, పదవియు పోవుట. గీత రెండు చోట్లను ఒకే విధముగా పడిపోవును. కారణము గీతలో నుండదు. ఊరి వృద్ధుల నోటను, పాత దస్తావేజులలోను ఉండును.

ప్రపంచవ్యాప్తమైన నిదర్శన మొకటి గలదు. గూగుల్ సంస్థ 2010 డిసెంబరులో సుమారు 50 లక్షల గ్రంథములలోని మాటల ప్రయోగమును ఏటేట గీతగా చూపు సాధనమును వెలువరించెను. అందు ప్రతి యేటి లెక్కయు ఆ యేటి మొత్తము మాటలలో పాలుగా చూపబడును. 1914లో మొదలైన యుద్ధమును ఆ కాలపువారు ఆంగ్లమున "మహాయుద్ధము" అనిరి. దానికి "మొదటి ప్రపంచ యుద్ధము" అను పేరు స్థిరపడుట 1939లో రెండవది వచ్చిన తరువాతనే. రెండవది వచ్చువరకు మొదటిది మొదటి దగుట యెట్లు? ఒక గీత దిగుటయు, ఒక గీత ఎక్కుటయు చూచినప్పుడు, జనులు తమ గతమునకు క్రొత్త పేరు పెట్టుకొన్న క్షణము కన్నుల గట్టును. అంకెలు చెప్పు దుఃఖగాథ యిది.

ఇంతవరకు చెప్పినదంతయు పాత పద్దులు నిలిచియున్నప్పుడే సాధ్యము. ఇందే అసలైన ప్రమాదము గలదు. అమెరికాలోని కాంగ్రెసు గ్రంథాలయము వంటను గూర్చిన గ్రంథములకు వాడుచుండిన "కుకరీ" అను శీర్షికను 2010లో "కుకింగ్" అని మార్చెను. వాడుకలోనున్న మాటను స్వీకరించుట మంచిదే. కాని జాబితాలోని పాత పేరును తుడిచి క్రొత్తది వ్రాసిన పిమ్మట, ఆ జాబితానుండి మాత్రమే చిత్రము గీసినచో నూరేండ్ల క్రిందటివారును క్రొత్త మాటనే వాడినట్లు కనబడును. లెక్కలయందు కొట్టివేసిన అంకె చదువుటకు వీలుగా నుండవలెనను నియమము ఇందుకే యేర్పడినది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసమునకు పెట్టిన వర్గమును ఎవరైనను మార్చవచ్చును; కాని మార్చిన తేదీయు, మార్పునకు ముందున్న పాఠమును చరిత్రలో నిలిచియుండును. కొట్టివేత చదువుటకు వీలుగానే యున్నది.

డెలిషియస్ కథయు ఈ సందర్భమున వినదగినది. 2005లో దానిని యాహూ సంస్థ కొనెను. 2011లో అది వేరొకరి చేతికి పోయెను. పలు చేతులు మారి, 2017లో అట్టిదే యైన పిన్‌బోర్డు అను సంస్థ దానిని కొని, పాత గుర్తులు చూచుటకే గాని క్రొత్తవి చేర్చుటకు వీలులేకుండ నిలిపివేసెను. లోకమున నలుమూలల చదువరులు కూర్చిన పేర్ల ప్రవాహము అంతటితో ఆగెను. ఆ గీత పడిపోవుట చదువరుల అభిరుచి తగ్గుట కాదు, భాండారమునకు తాళము పడుట. చీటీలు చదువరులవి, బీరువా పరులది.

ఈ గ్రంథాలయమునకు బీరువాయు తనదే, చీటీయు తనదే. ఇరువదియైదు సంవత్సరముల పుస్తకములిచ్చిన పద్దుల రిజిస్టరులు దీని నిజమైన ఆస్తి. కంప్యూటరు వచ్చిన తరువాత పాత రిజిస్టరులను చిత్తుకాగితముల వర్తకునకు తూచి యిచ్చుట పలుచోట్ల పరిపాటి. ఆ కాగితమునకు వచ్చు రూపాయలు ఒక్క సభ ఫలహారములకైనను చాలవు. పోవునది మాత్రము పాతికేండ్ల ఊరి మనస్సు. ఒక రైతు ఏ యేట ఏ పురుగును గూర్చి చదివెనో, ఏ యేట ఉద్యోగపు పరీక్షల పుస్తకములకు పిల్లలు బారులు తీరిరో అందే యున్నది.

కావున కార్యవర్గమువారి యెదుట నాలుగు మనవులు. పాత రిజిస్టరు ఏదియు అమ్మరాదు. ప్రతి పుస్తకములో ఒక చీటి యుంచి, చదివినవారు తమకు తోచిన పేరును తేదీతో వ్రాయునట్లు చేయవలెను. వ్రాయలేనివారు చెప్పినచో గ్రంథపాలకుడు వ్రాయవలెను. చదువరి పేరు చీటిపై బహిరంగముగా నుండరాదు, సభ్యత్వపు అంకె చాలును. ఏమి చదువుచున్నారో పదిమందికి తెలియునను జంకు లేనప్పుడే జనులు నిజము వ్రాయుదురు. ఏడాది కొకసారి సంఖ్యయు, పాలును, వ్రాసినవారి లెక్కయు మూడింటిని గళ్ల కాగితముపై గీసి గోడకు తగిలింపవలెను. పేరు మారినచోట పాత పేరును కొట్టివేయక ప్రక్కన క్రొత్తది చేర్చి తేదీ వేయవలెను.

ఆ చిత్రమును చూచి పుస్తకములు కొనువారికి ఒక్క మాట. "వ్యవసాయము" గీత దిగినదని ఆ పుస్తకములు కొనుట మానకమునుపు, "మిరప", "బిందుసేద్యము", "రొయ్యల చెరువు" అను గీతలు ఎక్కినవేమో చూడవలెను. రైతు పోలేదు, రైతు పలుకు మారినది. రెండును దిగినచో అప్పుడు గీతను వదలి వీధిలోనికి పోయి, రైతు నడిగి తెలిసికొనవలెను.

కడపట "చదువవలసినది" అను చీటి సంగతి. ఆ ఖాతాలో జమ యెక్కువ, ఖర్చు తక్కువ. ఎక్కడను, ఎవరికిని అంతే. దానిని చూచి సిగ్గుపడ నవసరము లేదు. అది ఊరు తనకు తాను వ్రాసియిచ్చుకొన్న ప్రామిసరీ నోటు. మరి యిరువదియైదేండ్లకు స్వర్ణోత్సవ సభ జరుగునప్పుడు, ఈ బీరువాలు దులుపువారికి ఆ నోట్లలో కొన్నియైనను చెల్లు వేసి, తేదీ వేసి, పుస్తకముల నడుమ కనబడుగాక.

స్వస్తి.